చివరి ఫారం ఊడిపోయిన డిటెక్టివ్ నవలలు ఎందుకు చదవాలి?

కరీంనగర్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. తనకు నేరపరిశోధన నవలలు రాయాలని ఉందట. ఎవరికీ గుర్తులేని పాత డిటెక్టివ్ పుస్తకాలను నేను నలభై ఏళ్లుగా పోగు చేస్తున్నానని ఎవరో చెప్పారట. ఇవాళ్టి పాఠకుడి కోసం రాయదలచుకున్నవాడు ఆ చిత్తుకాగితాలను చదవడం వల్ల ప్రయోజనం ఏమిటన్నది మొదటి ప్రశ్న. ఈ రాతను నమ్ముకొని బతకడం సాధ్యమేనా అన్నది రెండవది. చిత్తుకాగితాలన్న మాటకు నేనేమీ నొచ్చుకోలేదు. నా దగ్గరున్న పుస్తకాలలో సగానికి సగం వరంగల్ స్టేషన్ రోడ్డులోని పాతకాగితాల దుకాణంలో తూకానికి కొన్నవే.

రెండవ ప్రశ్నకు సమాధానం చిన్నది కనుక ముందు అది చెప్పేస్తాను. సాధ్యం కాదు, కనీసం నాకు కాలేదు. నేను ముప్పై మూడేళ్లు వరంగల్ జిల్లా కోర్టులలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం బెంచి క్లర్కుగా. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆరున్నర దాకా రాసుకోవడం, పదింటికల్లా హనుమకొండ అదాలత్‌కు చేరి సాయంత్రం దాకా వాంగ్మూలాలు, చీటీలు కట్టిన సాక్ష్యవస్తువులు, వాయిదాల డైరీ మధ్య కూర్చోవడం, రాత్రి భోజనం తర్వాత ఏదో ఒక పాత నవల తెరవడం, పదవీ విరమణ దాకా నా రోజు ఇంతే. ఇరవై రెండు నవలలు రాశాను. వాటన్నింటి మీద వచ్చిన డబ్బును ఒకచోట పెడితే రెండు గదుల ఇంటికి స్లాబు పడేది కాదు.

మొదటి నవలను 1983లో ఒక ప్రచురణకర్తకు నాలుగు వందల రూపాయలకు ఏకమొత్తంగా ఇచ్చేశాను. సంతకం పెట్టిన కాగితంలో ఏముందో కూడా సరిగా చదవలేదు. ఆ తర్వాత అది పేరు మార్చుకొని రెండుసార్లు అచ్చయింది. రెండోసారి కాజీపేట ప్లాట్‌ఫారం మీద ప్రయాణానికని కొనుక్కొని నాలుగు పేజీలు చదివితే గానీ అది నా నవలేనని నాకు తెలియలేదు. ఈ దెబ్బ తిన్నవాళ్లలో నేను మొదటివాణ్ని కాదు. ఫెర్గస్ హ్యూమ్ అనే ఆయన 1886లో మెల్‌బోర్న్‌లో తన తొలి డిటెక్టివ్ నవలను అచ్చు వేయించి, దాని హక్కులను 50 పౌండ్లకు అమ్ముకున్నాడు. పుస్తకం లక్షల ప్రతులు పోయింది, రచయిత చేతికి మాత్రం ఆ యాభై పౌండ్లే దక్కాయి. కనుక, తమ్ముడూ, హక్కులు రాసి ఇచ్చేటప్పుడు ఎంత కాలానికో, ఏ ఏ రూపాలకో స్పష్టంగా రాయించుకోండి. కాలపరిమితి రాయని ఒప్పందాన్ని ఐదేళ్లదిగా లెక్కించాలన్న నిబంధన 1994 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టంలోకి వచ్చింది. నా నాలుగు వందల రూపాయల నాటికి అదీ లేదు.

అయితే హ్యూమ్ గురించి చెప్పుకోవలసిన అసలు సంగతి ఇది కాదు. నవల రాయాలనుకున్నప్పుడు ఆయన ఒక పుస్తకాల దుకాణదారు దగ్గరికి వెళ్లి ఏ రకం పుస్తకాలు బాగా పోతున్నాయని అడిగాడు. ఎమిల్ గబొరియో అనే ఫ్రెంచి రచయిత డిటెక్టివ్ నవలలని దుకాణదారు చెప్పాడు. గబొరియో అప్పటికి చనిపోయి పదమూడేళ్లయింది. దొరికినన్ని గబొరియో పుస్తకాలను కొనుక్కొని, చదివి, ఆ తర్వాతే హ్యూమ్ రాయడానికి కూర్చున్నాడు. మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఆ దుకాణం దగ్గరే మొదలవుతుంది.

చాలా గొప్ప నవలను చదివేటప్పుడు మనం పాఠకులుగానే మిగిలిపోతాం. రచయిత వేలు పట్టుకొని లాక్కుపోతుంటే ఎక్కడ మలుపు తిప్పాడో వెనక్కి తిరిగి చూసుకునే తీరిక ఉండదు. మరుగున పడిన మామూలు నవల అలా లాక్కుపోదు. దానిలో అతుకులు కనిపిస్తాయి, ఒక్కోచోట దారం కొసలు కూడా వేలాడుతుంటాయి. బట్టను తిరగేసి చూస్తే గానీ కుట్టు ఎలా పడిందో తెలియదు కదా. పైగా ఆ పుస్తకాన్ని ఎవరూ మీకు ముందుగా పొగడలేదు, దాని ముగింపును ఎవరూ చెప్పి పాడుచేయలేదు. దాని ఎదుట మీకు భయమూ భక్తీ ఉండవు కనుక, నచ్చనిచోట ఆగి, ఇక్కడ ఈయన ఎందుకు తడబడ్డాడని నిలదీయగలుగుతారు.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో కొంచెం చెప్పాలి. మా నాన్న ఆజంజాహీ మిల్లులో గుమాస్తా. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నందున ఆయనకు డిటెక్టివ్ కథ ఉర్దూలోనే పరిచయమైంది. తీరథ్ రామ్ ఫిరోజ్‌పూరీ ఇంగ్లీషు నుంచి అనువదించిన నవలలు, 1952లో అలహాబాదు నుంచి మొదలైన ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ పుస్తకాలు ఆయన ట్రంకు పెట్టెలో అడుగున ఉండేవి. రాత్రి భోజనాలయ్యాక ఆ పుస్తకాలలోని డిటెక్టివ్‌లు కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్‌ల కథను ఉర్దూలో చూస్తూ మాకు తెలుగులో చెప్పేవారు. హంతకుడి పేరు బయటపడే చోటికి వచ్చేసరికి మాత్రం ఆయనకు ఎక్కడలేని నిద్రా ముంచుకొచ్చేది. ధారావాహికలో అధ్యాయాన్ని ఎక్కడ ఆపాలో నేను నేర్చుకున్నది ఆ నిద్ర దగ్గరే.

తెలుగు వైపు నుంచి నాకు అందింది కొమ్మూరి సాంబశివరావు గారి నవలల డిటెక్టివ్ యుగంధర్. గిర్మాజీపేటలోని అద్దె పుస్తకాల దుకాణంలో పాకెట్ నవలకు రోజుకు ఐదు పైసలు. రెండో రోజుకు పోతే మళ్లీ ఐదు పైసలు కనుక ఒక్క రాత్రిలో పూర్తి చేయడం అలవాటైంది. యుగంధర్, ఆయన సహాయకుడు రాజు మద్రాసు వీధులలో కారులో తిరుగుతుంటే, మద్రాసు చూడకుండానే మౌంట్ రోడ్డు నుంచి ఎటు తిరిగితే ఎటు పోతామో నాకు కంఠతా వచ్చింది, పోచమ్మ మైదాన్ నుంచి ములుగు రోడ్డుకు దగ్గరి దారి ఏదో మాత్రం అప్పటికింకా తెలియదు. ఆ దుకాణంలో కొమ్మూరి వారి పుస్తకాలు ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గరే ఉండేవి. అవి దొరకని రోజున, అట్ట మీద పేరు కూడా చెరిగిపోయిన ఇతర రచయితల నవలలు తెచ్చుకునేవాణ్ని. మరచిపోయిన రచయితలతో నా స్నేహం అలా, గతిలేక మొదలైంది. డిటెక్టివ్ రచన తక్కువ పనని పెదవి విరిచేవారికి, ఆరుద్ర గారంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారని, అంతకు ముందు తరం వాళ్లు బెంగాలీ నుంచి వచ్చిన పాంచ్‌కడీ దే అనువాదాలను ఎగబడి చదివారని నేను గుర్తుచేస్తుంటాను. ఫలితం పెద్దగా ఉండదు.

ఇక ఒక పుస్తకం గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు ఈ విద్యలో అసలు పాఠం చెప్పింది అదే. 1987 వానాకాలంలో పాతకాగితాల దుకాణంలో దొరికింది. పాకెట్ సైజు, న్యూస్‌ప్రింట్, పిన్నులు తుప్పు పట్టి మొదటి ఫారం, అంటే ఒకే కాగితం మడతగా అచ్చయిన పదహారు పేజీల కట్ట మీద ఎర్రటి మరక. ముఖచిత్రం లేదు, లోపలి పేజీలో రచయిత పేరున్నచోట ఎవరో చుట్ట కాల్చడానికన్నట్లు ఓ ముక్క చింపుకున్నారు. చివరి ఫారం పూర్తిగా ఊడిపోయింది. కథ ఇది: ఒక పెద్దమనిషి ఇల్లు తాళం పెట్టి కాశీయాత్రకు వెళ్లాడు. మూడు వారాల తర్వాత ఆ ఇంటి పెరటి బావిలో ఆయన శవమే తేలింది. కాశీ నుంచి వచ్చినట్లుగా ఉత్తరాలు మాత్రం బంధువులకు అందాయి. గేటు దగ్గరి కాపలాదారు, యజమాని వెళ్లిన నాటి నుంచి లోపలికి చీమ కూడా పోలేదని ప్రమాణం చేస్తాడు. ఆస్తి కోసం కాచుకున్న మేనల్లుడు, అప్పు తీర్చవలసిన వ్యాపారి, ఇంట్లో ఒకప్పుడు పనిచేసిన వంటమనిషి, అనుమానించడానికి కావలసినంతమంది ఉన్నారు.

మూడుసార్లు చదివాను. ముగింపు లేదు కనుక నాకు నేనే రాసుకున్నాను. మేనల్లుణ్ని హంతకుణ్ని చేసి, కాశీ ఉత్తరాల మీద తపాలా ముద్రను ఆధారంగా చూపించి, నలభై పేజీల ముగింపు. చాలా బాగా కుదిరిందని నాలో నేనే మురిసిపోయాను. పదకొండేళ్ల తర్వాత కాజీపేటలో పదవీ విరమణ చేసిన ఒక రైల్వే గార్డు గారి ఇంట్లో అదే నవల నిండు ప్రతి కనిపించింది. ఆయన టీ తెప్పించేలోగా నిలబడే చివరి ఫారం చదివేశాను. హంతకుడు కాపలాదారు. ఆధారం పద్నాలుగో పేజీలో ఉంది.

ఆ పేజీలో డిటెక్టివ్ తాళం తీయించి మొదటిసారి హాలులోకి అడుగుపెడతాడు. ధూళి, మూసిన కిటికీలు, కప్పిన దుప్పట్లు అన్నీ మామూలే. ఆయన గోడ గడియారం వైపు చూస్తాడు. తన చేతి గడియారం రెండు నిమిషాలు వెనకబడిందని గమనించి దానిని సరిచేసుకుంటాడు. అంతే, ఒకటే వాక్యం. ఆ కాలపు గోడ గడియారానికి ఎనిమిది రోజులకొకసారి కీ ఇవ్వాలి. మూడు వారాలుగా తాళం వేసి ఉన్న ఇంట్లో అది సరైన సమయం చూపిస్తోందంటే, ఎవరో ఆ హాలులోకి వచ్చి, చాలాకాలంగా ఉన్న అలవాటు కొద్దీ దానికి కీ ఇస్తున్నారన్నమాట. రోజూ గేటు దగ్గర కూర్చునే మనిషికి తెలియకుండా అది జరగదు. యజమాని ఉన్నప్పుడు కూడా ఆ పని అతనిదేనని నలభయ్యో పేజీలో వంటమనిషి మాటల మధ్య ఒకసారి వస్తుంది.

ఆ వాక్యాన్ని నేను మూడుసార్లు చదివి మూడుసార్లూ దాటిపోయాను. ఎందుకు దాటిపోయానో తెలుసుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. రచయిత గడియారాన్ని దాచిపెట్టలేదు. గోడ మీద నా కళ్ల ఎదుటే ఉంచాడు. అయితే నా దృష్టిని తప్పుగా నడుస్తున్న చేతి గడియారం మీదికి మళ్లించాడు. సరిగా లేని వస్తువును చూపించినప్పుడు సరిగా ఉన్న వస్తువును మనం అనుమానించం. పైగా అది డిటెక్టివ్ స్వభావాన్ని, ఆయన నిమిషాల పట్టింపును చెప్పే వాక్యంలాగా కనిపిస్తుంది. ఒక్క వాక్యానికి రెండు పనులు అప్పగించి, పైకి కనిపించే పనితో అసలు పనిని కప్పేయడం ఆధారం నాటడంలో నాకు తెలిసిన అతి నేర్పైన పద్ధతి. దీనిని నాకు నేర్పినవారి పేరు ఇప్పటికీ తెలియదు, గార్డు గారి ప్రతిలో ఉన్నది కలంపేరే.

కనుక చదివే పద్ధతి గురించి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మొదటిసారి మామూలు పాఠకుడిగా చదవండి. హంతకుడెవరో తెలిశాక అదే రోజున, లేదా మర్నాడు, మళ్లీ మొదటి నుంచి పెన్సిలు పట్టుకొని చదవండి. హంతకుడు కనిపించిన ప్రతిచోటా, అసలు ఆధారం ఉన్న ప్రతిచోటా అంచున గీత పెట్టండి. గీతలు ఎక్కడ గుమిగూడాయో, ఎక్కడ నలభై పేజీల పాటు లేవో చూస్తే ఆ రచయిత బలమూ బలహీనతా రెండూ తెలిసిపోతాయి. చాలా నాసిరకం నవలలలో హంతకుడి మీద మొదటి గీత చివరి అధ్యాయంలోనే పడుతుంది, అంటే అతణ్ని రచయిత కూడా అప్పుడే కనిపెట్టాడని అర్థం. పుస్తకానికొక కార్డు రాసి పెట్టుకోండి. నా దగ్గర తొమ్మిది వందల చిల్లర కార్డులు ఉన్నాయి. రచనలో ఎక్కడైనా ఇరుక్కుంటే నేను తిరగేసేది వాటినే.

ఇదంతా వరంగల్‌లో ఒక ముసలి గుమాస్తా వెర్రి అనుకోకండి. ఇంగ్లాండులో మార్టిన్ ఎడ్వర్డ్స్ అనే నవలాకారుడు ఉన్నారు. వృత్తిరీత్యా సొలిసిటరు, అంటే అక్కడి ఒకరకం వకీలు. 1991 నుంచి లివర్‌పూల్ నేపథ్యంలో, తర్వాత అక్కడి సరస్సుల ప్రాంతం నేపథ్యంలో నేరనవలలు రాస్తూ వచ్చారు. రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలంలో వెలిగి ఆరిపోయిన డిటెక్టివ్ రచయితలంటే ఆయనకు ప్రాణం. 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్టివ్ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్ చరిత్రను 2015లో పెద్ద పుస్తకంగా రాశారు, ఆ క్లబ్బుకు అధ్యక్షులూ అయ్యారు. బ్రిటిష్ లైబ్రరీ తన అరలలో పడి ఉన్న పాత నేరనవలలను మళ్లీ అచ్చు వేయడం మొదలుపెట్టాక ఆ వరుసకు సలహాదారుగా ఉండి, ఒక్కొక్క పుస్తకానికీ ముందుమాట రాస్తున్నారు. తెల్లవారుజామున రాత, పగలు చట్టం, రాత్రి పాత పుస్తకం అన్న ఏర్పాటు నాది ఒక్కడిదే కాదని ఆయన గురించి చదివినప్పుడు నాకు కాస్త ధైర్యం కలిగింది. మా ఇద్దరికీ పోలిక అక్కడితో సరి.

ఆ వరుసలో 2014లో వచ్చిన ఒక నవల జెఫర్సన్ ఫార్జియన్ అనే రచయితది. మొదట అచ్చయింది 1937లో, రచయిత పోయింది 1955లో. మంచులో రైలు ఆగిపోతే దిగి నడిచిన ప్రయాణికులు దారిలో కనిపించిన ఒక ఇంట్లోకి వెళతారు. మనుషులెవరూ లేరు, కానీ పొయ్యిలో నిప్పు ఉంది, బల్ల మీద టీ సామాను సర్ది ఉంది, నీళ్లు మరుగుతున్నాయి. ఎవరికీ గుర్తులేని ఆ పుస్తకం మళ్లీ అచ్చయిన ఏడాది క్రిస్మస్ రోజులలో అక్కడి దుకాణాలలో విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ నీళ్ల మరుగు, నాకు దొరికిన ఆ నవలలోని గోడ గడియారం టిక్కుటిక్కు ఒకటే చప్పుడు: ఖాళీ ఇల్లు ఖాళీ కాదని వస్తువులు చెప్పడం. ఒకరి పుస్తకాన్ని ఇంకొకరు చూసి ఉండే అవకాశం నాకు కనిపించదు.

అదే లైబ్రరీ 2012లో తెచ్చిన మరో పుస్తకం నన్ను ఇంకా ఎక్కువగా ఆకట్టుకుంది, ఎందుకంటే అది అచ్చంగా కోర్టు కాగితాల కట్టలాగా ఉంటుంది. 1862లో ఒక వారపత్రికలో ధారావాహికగా మొదలైంది. బీమా కంపెనీ తరఫున విచారణ చేసే మనిషి పోగుచేసిన వాంగ్మూలాలు, ఉత్తరాలు, డైరీ పేజీలు, ఇంటి పటం, అవే నవల. రచయిత అసలు పేరు దాదాపు నూట యాభై ఏళ్ల పాటు తేలలేదు. 2011లో పాల్ కాలిన్స్ అనే పరిశోధకుడు ఆయన చార్లెస్ వారెన్ ఆడమ్స్ అని నిరూపణలతో చూపించాడు. ఇన్నేళ్లుగా నేను వరుస నంబర్లు వేసి కుట్టిన కేసు కట్టలన్నీ ఎవరూ చదవని నవలలేనని ఆ పుస్తకం చదివాకే అనిపించింది. నా పదహారో నవలను పూర్తిగా వాంగ్మూలాలతోనే రాశాను. అమ్మకం సంగతి అడగవద్దు.

పాత తెలుగు డిటెక్టివ్ నవలలన్నీ బంగారమని నేను చెప్పడం లేదు. పదింటిలో ఏడు నిజంగానే చెత్త. ఇంగ్లీషు నవలల నుంచి పేర్లు మార్చి దింపుకున్నవి చాలా ఉన్నాయి. మద్రాసు బంగళాలో చలిమంట కాచుకునే గదీ, మన ఎండల్లో పొడవాటి కోటూ చూస్తే నవల ఎక్కడిదో తెలిసిపోతుంది. నల్లగా, గుడ్డిగా, కుంటిగా ఉన్నవాడే దుర్మార్గుడన్న ధోరణి, ఒంటరిగా బతికే ఆడమనిషిని మొదటే అనుమానించడం వీటిలో మామూలు. వాటిని చదువుతూ ఒకరకంగా సిగ్గుపడాలి, తప్పదు.

కోర్టులో పనిచేసినవాడికి ఇంకో బాధ ఉంటుంది. ఆ నవలలలో నూటికి తొంభై, హంతకుడు డిటెక్టివ్ గదిలో కూర్చొని పది పేజీల పాటు తన నేరాన్ని తానే వివరించడంతో ముగుస్తాయి. ఇన్‌స్పెక్టర్ తెర వెనక నిలబడి వింటుంటాడు. పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలును ముద్దాయికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం 23వ సెక్షన్‌లోనూ అదే ఉంది. ఆ మాటల వల్ల కొత్తగా బయటపడిన కత్తో, నగో ఏదైనా ఉంటే దానికి సంబంధించిన మేరకే విలువ. డిటెక్టివ్ ప్రైవేటు మనిషి కనుక ఆయన ముందు చెప్పింది చెల్లుతుందనుకున్నా, దానికి తోడు సాక్ష్యం లేకపోతే కోర్టులు అంత తేలికగా నమ్మవు. తెర వెనక ఇన్‌స్పెక్టర్ ఉన్నాడని తెలిస్తే ముద్దాయి వకీలుకు పండగే. అందుకే మీరు రాసే నవలలో ఒప్పుకోలును తీసేసి, మిగిలిన ఆధారాలతో కేసు నిలబడుతుందో లేదో ఒకసారి చూసుకోండి. గడియారం నవల ఆ పరీక్షకు సగమే నిలిచింది: కాపలాదారు ఇంట్లోకి వెళ్లాడని గడియారం చెబుతుంది, చంపాడని చెప్పదు.

మద్రాసు నవలల నమూనాను మా ప్రాంతానికి తెచ్చుకోవడంలో నాకు ఎదురైన చిక్కు వేరు. నేను రాయడం మొదలుపెట్టిన 1980లలో ఉత్తర తెలంగాణలో పోలీస్ స్టేషన్ అన్న మాట వినగానే పల్లె మనిషికి గుండె జారిపోయేది. ఎన్‌కౌంటర్ల వార్తలు, అర్ధరాత్రి సోదాలు, అటు అడవి ఇటు ఠాణా మధ్య నలిగిన ఊళ్లు. అలాంటి చోట డిటెక్టివ్‌తో కలిసి కాఫీ తాగుతూ జోకులు వేసే ఇన్‌స్పెక్టర్‌ను పెడితే పరకాలలోనో నర్సంపేటలోనో ఎవరు నమ్ముతారు? రెండు నవలలు అలా రాసి చించేశాక, నా పరిశోధకుణ్ని పోలీసుగా కాక కోర్టు గుమాస్తాగా మార్చాను. అతనికి అధికారం లేదు, తుపాకీ లేదు. కాగితాలు చదవడం వచ్చు, సాక్షి బోనులో నిలబడ్డ మనిషి చేతులు గమనించడం వచ్చు. హంటర్ రోడ్డు, భద్రకాళి చెరువు కట్ట, ఏనుమాముల మార్కెట్ అప్పుడు గానీ నా నవలలోకి రాలేదు.

పాత నవలలను చూసి నవ్వే ముందు నా సంగతీ చెప్పాలి. 1994లో రాసిన ఒక నవలలో, హత్య జరిగిన రాత్రే పది గంటలకు శవపరీక్ష చేయించి పదకొండింటికి ఫలితం తెప్పించాను. కథ వేగంగా పోవాలి కదా. నెల తిరగకముందే శవాగారంలో పనిచేసి రిటైరైన ఒకాయన పోస్టుకార్డు రాశారు: అయ్యా, చీకటి పడ్డాక మేము శవాన్ని ముట్టుకోము, ఇది కూడా తెలియకుండా కోర్టులో ఏం చేస్తున్నారు? ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల మీది అద్దం కింద ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులో నిబంధన మార్చి, వసతులున్న ఆసుపత్రులలో సూర్యాస్తమయం తర్వాత కూడా శవపరీక్షకు అనుమతించింది. అయినా హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పద మృతి కేసులను, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, అందులోంచి మినహాయించింది. కనుక నా తప్పు నేటికీ తప్పే.

పాత నవలలలో దొరికే మరో సంపద, కథకులు తెలియకుండానే దాచిపెట్టిన రోజువారీ జీవితం. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూడటం ఆ రోజుల కథలకు వెన్నెముక. నేరుగా నంబరు తిప్పి వేరే ఊరితో మాట్లాడే సౌకర్యం మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. అది మిగిలిన ఊళ్లకు చేరేదాకా ఎక్స్ఛేంజిలోని అమ్మాయి ప్రతి రహస్యానికీ సాక్షి. సెల్‌ఫోన్ వచ్చాక మీ తరానికి ఈ ఆలస్యం పోయింది, కానీ కథకు ఆలస్యం కావాలి. ఆ ఆలస్యాన్ని ఇప్పుడు ఎక్కడి నుంచి తేవాలన్నది పాత నవలలను ఎదురుగా పెట్టుకొని ఆలోచించవలసిన విషయం. నేను మా ఏజెన్సీ ఊళ్లలో సిగ్నలు అందని చోట్లను వాడుకున్నాను, ఇక అదీ ఎంతో కాలం సాగదు.

ఎక్కడ దొరుకుతాయని మీరు అడగలేదు గానీ తర్వాత అడుగుతారు. 1954 చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా కొత్త పుస్తకాన్ని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మద్రాసులోని కన్నెమరా వంటి గ్రంథాలయాలకు పంపాలి. నెలకు నాలుగు పాకెట్ నవలలు వదిలే వాళ్లలో ఎంతమంది ఆ శ్రమ పడ్డారో మీరే ఊహించుకోండి. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల పాత పత్రికల సంపుటాలు తిరగేస్తే ధారావాహికలు దొరుకుతాయి. పాకెట్ నవలలు మాత్రం ఎక్కువగా ఇళ్లలోనే ఉన్నాయి: అటక మీద, పెళ్లి పత్రికల కట్ట కింద. రైల్వే వాళ్ల ఇళ్లు, మిల్లు కార్మికుల ఇళ్లు నాకు బాగా కలిసివచ్చాయి, ఎందుకంటే షిఫ్టుల మధ్య చదువుకున్నవాళ్లు వాళ్లే. దొరికిన పుస్తకానికి తుప్పు పట్టిన పిన్నులను ముందు తీసేసి నూలుదారంతో కుట్టండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి; నాలుగేళ్లకు దాని జిగురు పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది. కిటికీ వెలుతురులో ప్రతి పేజీనీ ఫోటో తీసి పెట్టుకోండి, న్యూస్‌ప్రింట్ మన కోసం ఆగదు.

మళ్లీ అచ్చు వేయాలన్న ఉత్సాహం కలిగితే చట్టం చూసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1990లో పోయినవారి పుస్తకం 2050 చివరి దాకా వారసులదే. కలంపేరుతో వచ్చి, అసలు మనిషి ఎవరో బయటపడని పుస్తకానికైతే ప్రచురణ నాటి నుంచి 60 ఏళ్లు లెక్క. ఆ లెక్కన 1960 ప్రాంతపు కలంపేర్ల నవలలు కొన్ని ఇప్పటికే అందరివీ అయిపోయి ఉండాలి. అయితే ఆ కలంపేరు వెనక ఎవరున్నారో ముందు మీరు నిజాయితీగా వెతకాలి. ఆ వెతుకులాట కూడా డిటెక్టివ్ పనే, పైగా జీతం లేనిది.

గడియారం నవల లాంటిదే ఇంకొకటి నా దగ్గర ఉంది. ఒక డిస్పెన్సరీలో కథ, డాక్టరుకు వచ్చిన మందుల పార్సిల్ చుట్టూ తిరుగుతుంది. నూట పన్నెండు పేజీల దాకా ఉంది, చివరి పదహారు పేజీలు పందొమ్మిదేళ్లుగా వెతుకుతున్నా దొరకలేదు. జిరాక్స్ తీయించి మీకు పంపుతాను. చదివాక హంతకుడెవరో, ఏ పేజీలోని ఏ వాక్యాన్ని బట్టి అలా అనుకుంటున్నారో ఒక కాగితం మీద రాయండి. నాకు మాత్రం కాంపౌండరు మీద అనుమానంగా ఉంది, ముప్పై ఒకటో పేజీలో అతను సీసాకు చీటీ అంటించడానికి మైదా జిగురు వెతుక్కునే తీరు నాకు నచ్చలేదు.